నొప్పి లేని టీకా

మునసబు రాఘవయ్య అరుగు మీద నుంచి లేవకుండానే తేల్చేశాడు. "ముందు ఊళ్ళో ఏయ్. పల్లెలో గుచ్చిన సూదితో మా పిల్లల్ని ముట్టుకుంటావా ఏంది?"

మశూచి టీకాల కృపానందం సూదిని ప్రతిసారీ దీపం మీద కాలుస్తాడు. ఆ మాట చెప్పొచ్చు. తనూ రాజుపాలెంలో ఇలాగే ఊరికి ఎడంగా ఉంచిన పల్లెలో పుట్టినవాడేనని రాఘవయ్యకు తెలుసు, తెలిసే అన్నాడు. "అట్టాగేనండీ" అన్నాడు కృపానందం.

పందొమ్మిది వందల అరవై రెండు వేసవి అది. నరసరావుపేట నుంచి ఫ్లాస్కులో తెచ్చిన ఐసు మధ్యాహ్నానికే నీళ్ళయింది. ఊరు పూర్తిచేసి పల్లెకు దిగేసరికి జనం మిరపకోతల నుంచి తిరిగొస్తున్నారు. వేడెక్కితే మందు చచ్చిపోతుందని అతనికి తెలుసు. కొత్తది తేవాలంటే మళ్ళీ అంతదూరం సైకిలు తొక్కాలి. అందరూ చేతులు చాపి నిలబడ్డారు. గుచ్చేశాడు.

ఎనిమిదో రోజు చూడటానికొచ్చాడు. ఊళ్ళో పిల్లల చేతులు చీముపట్టి వాచాయి, జ్వరాలు. రాఘవయ్య తిట్లు లంకించుకున్నాడు. పల్లెలో ఒక్క చెయ్యీ పొంగలేదు. అంటే ఒక్కరికీ టీకా పట్టలేదు.

మార్తమ్మ మాత్రం మనవరాలు ఫిలోమినా చెయ్యి అందరికీ తిప్పి చూపిస్తోంది. "చూడండే, మచ్చయినా పడలా! మనోడు గాబట్టి పైపైన ఏశాడు. ఊళ్ళోవోళ్ళని కసిదీరా పొడిచాడు. ఏం అబ్బాయా, నిజమేనా?"

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. వచ్చే నెల కొత్తమందు తెచ్చి మళ్ళీ వేద్దాంలే అనుకున్నాడు కృపానందం. పుస్తకంలో 'పట్టింది' అని రాసుకుని, మార్తమ్మ ఇచ్చిన రెండు కోడిగుడ్లు సంచిలో పెట్టుకున్నాడు.

నెల తిరక్కముందే పల్లెలో మశూచి పడింది. ఊళ్ళోకి పోలేదు.

అతను కొత్తమందుతో పరుగెత్తుకొచ్చేసరికి ఫిలోమినాను పూడ్చి మూడు రోజులైంది. మార్తమ్మ గడపలో కూర్చుని ఉంది. పక్కింటి దానయ్య చెయ్యి చాపలేదు.

"మొన్న ఏశావుగా. మళ్ళీ ఎందుకు?"

ఇంకా దాస్తే ఇంకెన్ని గుంటలు తవ్వాలో. "అది చచ్చిన మందు, మావా. ఎండకి పాడైంది. తెలిసే ఏశాను."

దానయ్య భుజం మీది తువ్వాలు తీశాడు, దులిపాడు, మళ్ళీ వేసుకున్నాడు. మార్తమ్మే మాట్లాడింది.

"ఆ రోజే చెప్తే ఇంకోసారి చేతులు చాపేవాళ్ళం గదయ్యా. మేం కాదన్నామా?"

ఆమె లేచి వచ్చి, ముడతలు పడ్డ చెయ్యి కృపానందం ముందు పెట్టింది.

"ఏయండి. నొప్పి పుట్టేట్టు ఏయండి."