విడాకుల్లో రజిత వంతు

జనార్దన్ ఫోన్ చేసేసరికి రజిత వంటగది కిటికీ దగ్గర నిలబడి ఉతికిన బట్టలు ఆరేయడానికి వెదురు కర్రకు తొడుగుతోంది. ఆదివారం సాయంత్రం. జర్మనీలో అప్పటికింకా మధ్యాహ్నమే. విడాకులయ్యాక అతని గొంతు వినడం అదే మొదలు.

"రజితా, మంచిగున్నవా? నీతోని చిన్న పని వడ్డది," అన్నాడు.

ఇద్దరిదీ కరీంనగరే. హైదరాబాదులో ఒకే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిచయమై, ఇంట్లోవాళ్లను ఒప్పించి పెళ్లి చేసుకున్నారు. ప్రోగ్రాములు రాసేవాళ్లు దొరికితే చాలన్నట్టు కంపెనీలు ఎగబడుతున్న రోజుల్లో సింగపూర్ వచ్చారు. జురాంగ్ ఈస్ట్‌లో ఉద్యోగాలు, ఊరికి ఆ చివర హౌగాంగ్‌లో సత్యవాణి ఆంటీ ఫ్లాట్‌లో అద్దె గది. అంతలో జర్మనీ వాళ్లు బయటి దేశాల కంప్యూటర్ ఇంజనీర్లకు ప్రత్యేకంగా వీసాలిస్తామన్నారు. జనార్దన్ స్టుట్‌గార్ట్ వెళ్లాడు. రజితను అప్పుడే టీమ్ లీడ్‌ని చేశారు. ఈ ప్రాజెక్టు ముగించుకుని వస్తానంది. దాని వెనక ఇంకో ప్రాజెక్టు వచ్చింది. ఫోన్లు పలచబడ్డాయి. చివరికి ఒకనాడు అతను "ఇగ చాలు రజితా" అన్నాడు.

ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

"ఎవలు లేరు. నువ్వు గూడ లేవు. గంతే."

అక్కడి కోర్టులోనే కేసు వేశాడు. రజిత ఎదురు చెప్పలేదు. జడ్జి ఇద్దరినీ చూడాలన్నాడంటే చలికాలంలో ఒంటరిగా వెళ్లింది. తెచ్చుకున్న స్వెటర్ ఆ చలికి ఏ మూలకూ రాలేదు. లోపల పని చాలా తొందరగా అయిపోయింది. ఖర్చులు చెరి సగం భరించాలన్నారు. బయట మెట్లు దిగుతూ జనార్దన్ ఆగాడు.

"నీ సగం గూడ నేనే కడ్త. టికెట్ పైసలు గూడ ఇస్త. విడాకులు అడిగింది నేను. నువ్వెందుకు కట్టాలె?"

ఆమె వద్దంది. అతను వినలేదు. చెబుతూ చెబుతూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ ఒక్క ఘడియను రజిత పోగొట్టుకోకుండా దాచుకుంది. మిగతాదంతా కొట్టుకుపోయినా, తాను పెళ్లాడింది చెడ్డవాణ్ని కాదనుకోవడానికి ఆమెకు అది చాలింది.

"ఏం పని?" అని అడిగిందిప్పుడు.

"ఈడ ఇన్‌కంటాక్స్‌ల విడాకుల ఖర్చు జూపెట్టుకోవచ్చు. కోర్టుకు వోకుంట విడాకులు రావు గదా, అందుకని తప్పనిసరి ఖర్చు కింద తీస్కుంటరు. అసాధారణ భారం అంటరు దాన్ని. దవాఖాన బిల్లులు, పళ్లు కట్టించుకున్నయి, అన్ని ఒక్క ఖాతానే. మన సంపాదనను బట్టి కొంత మనమే మొయ్యాలె. అంతకు మించినదాని మీద టాక్స్ ఉండది. అందుకే పళ్లు గూడ ఆ సంవత్సరమే కట్టించిన."

రజితకు నవ్వొచ్చింది. "అంటే నేను, నీ పన్ను ఒక్క లెక్కల్నే ఉన్నమా?"

"పరాష్కం గాదు, ఇను. నా సగం టాక్సోళ్లు ఒప్పుకున్నరు. నీ సగం, నీ టికెట్ కొట్టేసిన్రు. భార్య వంతు నేను ఇష్టంతోని కట్టిన, నన్నెవలు బలవంతం జెయ్యలేదు, అది తప్పనిసరి ఎట్లయితది అంటున్నరు. నేను అప్పీల్ చేసిన. నువ్వొక కాగితం రాసియ్యాలె."

"ఏమని?"

"ఖర్చంత నువ్వు వెట్టుకుంటేనే విడాకులకు ఒప్పుకుంట, లేకుంటె ఒప్పుకోను అని పట్టువట్టిన అని. అట్ల రాస్తే గెల్సే అవకాశం ఉన్నదని ఈడ ఒకాయన చెప్పిండు."

తడి బట్టల నీళ్లు ఆమె పాదాల మీద పడుతున్నాయి. పక్కకు జరగాలని కూడా తోచలేదు.

"నేనెప్పుడు అన్న జనార్దన్, గట్ల?"

"అనలే. అన్నవని రాయి. నీకేం పోతది? ఈడ నిన్నెవలు ఎరుగుదురు?"

"నువ్వే గద మెట్ల మీద అన్నది. వద్దంటే గూడ ఇనకపోతివి."

"గప్పుడు నాకీ రూల్ తెల్వది," అన్నాడు జనార్దన్, విసుగ్గా. "తెలిస్తే నీ సగం నీతోనే కట్టిద్దును."

ఆలోచించి చెబుతానని రజిత ఫోన్ పెట్టేసింది.

సత్యవాణి ఆంటీ గదిలోంచి వచ్చి, "మకాన్ అయిందా అమ్మా? ముఖం అలా పీక్కుపోయిందేం?" అంది. ఆంటీ పుట్టింది, పెరిగింది సింగపూర్‌లోనే; తిండిని అక్కడివాళ్లలా మకాన్ అంటుంది, మాట చివర 'లా' తగిలిస్తుంది. రజిత సంగతంతా చెప్పింది.

"దానికేముంది, రాసిచ్చెయ్‌లా," అంది ఆంటీ. "నీ చేతి నుంచి డబ్బు పోదు కదా."

"నేను బెదిరించి కట్టించుకున్న అని రాయాలె ఆంటీ."

"గవర్నమెంట్ పేపర్లో ఎవరైనా ఏమైనా అవుతారు. నిన్ను చూసి రాస్తున్నారా ఏంటి?" అని ఆంటీ టీ పెట్టడానికి పోయింది.

మర్నాడు ఆఫీసులో రజిత జనార్దన్‌కు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసి మెయిల్ పంపింది. పెళ్లికి ముందు నుంచీ అతన్ని నువ్వనే పిలిచినా, ఆ రోజు వేళ్లు వాటంతటవే మీరు అని కొట్టాయి. అబద్ధం రాయలేను. నా సగం, టికెట్ డబ్బు నేనే పంపిస్తాను. మీ అకౌంట్ వివరాలు ఇవ్వండి. అంతే రాసింది.

పంపేశాక గానీ ఆమెకు తెలియలేదు, అతను వద్దంటాడని తాను ఎదురుచూస్తున్నట్టు. అందరితోపాటు లంచ్‌కు కిందికి దిగకుండా మెయిల్ తెరిచి పెట్టుకుని కూర్చుంది. ఏం పిచ్చిదానివి, పైసలెందుకు, పోనియ్యి అంటాడేమో. పోనీ కోపంగానైనా వద్దంటాడేమో.

అక్కడ అతను ఆఫీసుకు చేరే వేళకు జవాబు వచ్చింది. బ్యాంకు పేరు, బ్రాంచి, అకౌంట్ నంబరు, అన్నీ పొందిగ్గా రాశాడు. అడుగున ఒక వాక్యం. "థాంక్స్ రజితా. బ్యాంకు చార్జీలు నీ వైపే పెట్టుకో, ఇక్కడ మొత్తం పూర్తిగా రావాలి."

రజిత చార్జీలు కూడా కట్టి పంపింది.

అప్పీల్ ఉపసంహరించుకున్నానని అతను మెయిల్ పెట్టాడు. ఆమె దానికి జవాబివ్వలేదు. కానీ సంగతి అక్కడితో ఆగలేదు. నెల తిరక్కుండానే రజిత తల్లి కొండమ్మ కరీంనగర్ నుంచి ఏడుస్తూ ఫోన్ చేసింది.

"పైసలు వాపసు పంపినవంట గదనే! తప్పు నీ దిక్కు లేకపోతె ఎందుకు పంపుతవని ఆ జనార్దన్ తల్లి వాడకట్టంత చెప్తున్నది. తలకాయ ఎత్తుకొని తిరగనిస్తలేదు. అసలేమైంది, నాకన్న చెప్పు!"

రజిత చెప్పింది. ఆ దేశంలో పన్నువాళ్లు ఏం అడిగారో, జనార్దన్ ఏం రాయమన్నాడో, ఎంత విడమరచగలదో అంతా విడమరచి చెప్పింది. కొండమ్మ ముక్కు చీదుకుంటూ చివరిదాకా వింది.

"అంటే అప్పుడు ఆయనే ఇష్టంతోని కట్టిండా?"

"అవునమ్మా."

"నువ్వు కట్టుమనలే?"

"అనలే."

"మరి ఇంకేంది? ఆయన ఇష్టంతోని ఇచ్చినవాటిని నువ్వెందుకు వాపసిచ్చినవ్ బిడ్డా?"

"నాకు రైలు టైమైతున్నదమ్మా," అని రజిత ఫోన్ పెట్టేసి, బ్యాగు భుజానికి తగిలించుకుని జురాంగ్‌లో ఆఫీసుకు వెళ్లిపోయింది.