చలి మిగిలిన మైదానం

ఫెర్మీనా అత్త గడ్డి మీద పరిచిన బంగాళాదుంపల మీదుగా కాపలాదారు గుర్రాన్ని నడిపించాడు. ఒకసారి కాదు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. నేను కంచె ఇవతల నిలబడి కళ్లారా చూశాను. అత్త నేల మీద చతికిలబడి నలిగిన దుంపల్లోంచి నలగనివి ఏరుకుంటోంది. ఏడవలేదు. ఏడ్చే ఓపిక అప్పటికి మా ఊళ్ళో ఎవరికీ లేదు.

"ఏమే ముసలీ, ఇది కంపెనీ భూమి. కంచె కనబడలా?"

"కనబడతానే ఉంది నాయనా. నీ కంచె నాకెందుకు? లోపలున్న చలి కోసం వచ్చినా."

"చలి కూడా కంపెనీదే. లేచి పో."

ఈ సంగతి బట్టల మిల్లు గేటు దగ్గర చెప్పాను, కుస్కో పట్నంలో విద్యార్థుల హాస్టల్లో చెప్పాను. చెప్పి చెప్పి విసుగొచ్చింది. విన్నవాళ్ళు చప్పట్లు కొడతారు, బస్సెక్కి ఇంటికి పోతారు. అయినా మా ఊరు సాల్యమార్కా రైతు సంఘం కార్యదర్శిని నేనే కాబట్టి మళ్ళీ చెబుతున్నాను.

మాది కొండల మీద చేదు దుంపల ఊరు. ఆ దుంపల్ని ఎంత ఉడికించినా చేదు పోదు. మాకు చలికాలం జూన్‌లోనే, అప్పుడు వాటిని గడ్డి మీద పరుస్తాం. రాత్రి చలికి రాళ్ళలా గడ్డకడతాయి, పగటి ఎండకి మెత్తబడతాయి. అలా బాగా చలి పట్టాక ఊరంతా చెప్పులు విప్పి, వరుసగా నిలబడి, పాదాలతో తొక్కి నీళ్ళు పిండుతాం. నీళ్ళతో పాటు చేదూ పోతుంది. ఎండబెడితే అది చూన్యో. ఏళ్ళ తరబడి చెడదు. పంట పోయిన ఏడాది పిల్లల్ని బతికించేది అదొక్కటే.

చలి లేకపోతే చూన్యో లేదు. చూన్యో లేకపోతే చేదు దుంపని ఎవడు నాటుతాడు? కొన్నేళ్ళు నాటకపోతే ఆ విత్తనం ఇక భూమ్మీద ఉండదు. 'కోడల్ని ఏడిపించేది' అని ఒక రకం ఉండేది. దాని వంకరల్లో తొక్క తీయలేక కొత్త కోడళ్ళు ఏడ్చేవాళ్ళు. ఇప్పుడు ఆ దుంప లేదని అత్తలు ఏడుస్తున్నారు.

లోయలో మొదలైన వేడి పైకి ఎక్కింది. దాని వెంట తెగులు ఎక్కింది. మేం పొలాల్ని పైకి జరిపాం, తెగులూ పైకి జరిగింది. బురదనేలలో కప్పల అరుపు విని నాటే రోజు ఖాయం చేసుకునేవాళ్ళం, ఆ కప్పలు కూడా పోయాయి. ఒక ఏడాది జూన్ నెలాఖరులో వచ్చే సాన్ హువాన్ పండుగ దాటగానే అలవాటు ప్రకారం ఊరంతా దుంపలు పరిచాం. ఒక్క రాత్రి కూడా గడ్డకట్టే చలి రాలేదు. మొత్తం కుళ్ళి ఊరు ఊరంతా కంపు కొట్టింది. ఎవరో మైల పడ్డారనీ, కొండదేవరకి కోపం వచ్చిందనీ ఒకరినొకరు తిట్టుకున్నాం. కొందరు ఇప్పటికీ మాట్లాడుకోరు.

అప్పుడు వచ్చాడు ఇంజినీరు బెర్రొకాల్. రాజధానిలో ఉన్న ఏదో కంపెనీ తరఫు మనిషి. బడి ముందు సభ పెట్టాడు.

"దేవుడికి కోపం రాలేదండీ. ఫ్యాక్టరీల పొగ, బళ్ళ పొగ గాలిలో పేరుకుపోయి భూమికి దుప్పటి కప్పినట్టయింది. పగటి వేడి రాత్రి బయటికి పోవటం లేదు. అందుకే మీకు చలి తగ్గింది, కప్పలు చచ్చాయి. ఊరి పైనున్న మీ మేతబీడు చిరిపంపాలో పైన్ చెట్లు పెడదాం. అవి ఆ పొగని పీల్చుకుంటాయి."

ఫెర్మీనా అత్త లేచింది. "సారూ, ఆ దుప్పటి కప్పిందెవరు?"

"అందరం కప్పామమ్మా. మనుషులంతా."

"మా ఊళ్ళో ఉండేవి పిడకల పొయ్యిలే గదా. అంత దుప్పటి నేసింది మేమేనంటావా?"

అందరూ నవ్వారు. ఇంజినీరు కూడా నవ్వాడు. కానీ మా సంఘం అధ్యక్షుడు మెల్కియాదెస్ బావకి చెట్ల మాట నచ్చింది. చలి తిరిగొస్తుందంటే ఎవరికి నచ్చదు?

మేం తప్పు చేసింది ఇక్కడే. మాలో ఐని అనే పద్ధతి ఉంది. అంటే బదులుపని. నేను నీ పొలంలో పని చేస్తే నువ్వు నా పొలంలో చెయ్యాలి. కాగితం ఉండదు, సాక్షి ఉండడు, ఎవడూ ఎగ్గొట్టడు. మేం అలాగే అనుకుని చిరిపంపాకి ఎక్కాం. గుంటలు తవ్వి, మొక్కలు మోసి, మా మేతబీడు నిండా పైన్ నాటాం. మాకు అవసరం పడినప్పుడు కంపెనీ వస్తుందని నమ్మాం.

కంపెనీ వచ్చింది, ముళ్ళతీగ పట్టుకుని. వాడకంలో లేని భూమి అని సర్కారు ఎప్పుడో రాసిచ్చేసిందట. మెల్కియాదెస్ బావ ఇంజినీరు దగ్గరికి వెళ్ళి బదులుపని అడిగాడు.

"అది మీరు ప్రేమతో చేసిన శ్రమదానం కదండీ!" అన్నాడు బెర్రొకాల్.

కుస్కోలో చదివిన పిల్లలు తర్వాత అసలు విషయం విప్పి చెప్పారు. ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీవాడు పొగ వదులుతూనే ఉంటాడట. కంపెనీకి డబ్బు కట్టి, మా చెట్లు చూపించి, పీల్చేశాం, చెల్లు అంటాడట. చెట్లేమో ఊటబావి నీళ్ళు తాగేశాయి. గడ్డి మాడిపోయింది. ఈ చుట్టుపక్కల రాత్రి గడ్డకట్టేది ఇంక చిరిపంపా ఒక్కటే, అది కంచె లోపల ఉంది.

గుర్రం తొక్కిన రోజు సాయంత్రం సభ జరిగింది. అందరూ ఆకలి తెలియకుండా కోకా ఆకు నములుతూ కూర్చున్నారు.

"కోర్టుకి పోదాం" అన్నాడొకడు.

"పోయి రా. నువ్వు తిరిగొచ్చేసరికి విత్తనమే ఉండదు."

"పోలీసుల్ని పిలుస్తారు."

"పిలవనీ. ఇంట్లో కూచుంటే మాత్రం ఏం మిగిలింది?"

మెల్కియాదెస్ బావ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నేనే మీ చేత మొక్కలు నాటించినా. నన్ను తిట్టండి, పడతా. కానీ మనం పని చేసినాం. బదులుపని రావాల. వాళ్ళు రాకపోతే మనమే పోయి ఆ నేల చేత చేయించుకుందాం."

"అందరమా?" అంది ఫెర్మీనా అత్త.

"అందరం."

"నేను ఒక్కదాన్నే పోయినప్పుడు ఎవడూ రాలా." అత్తే మళ్ళీ అంది, "సరే లేండి. మూటలు కట్టుకోండి."

పట్టపగలే ఎక్కాం. ముళ్ళతీగ కోసి చుట్టగా చుట్టి పక్కన పెట్టాం. కాపలాదారు మా జనాన్ని చూసి కబురు చేరవేయడానికి పట్నం వైపు గుర్రం తిప్పాడు. చెట్ల వరసల మధ్య దుంపలు పరిచి, అక్కడే గొంగళ్ళలో ముడుచుకుని పడుకున్నాం. చలి వచ్చింది. ఎముకలు కొరికే చలి. ముసలివాళ్ళు దగ్గుతూనే సంతోషపడ్డారు. దుంపలకి చలి బాగా పట్టాక, ఎండెక్కిన వేళ చెప్పులు విప్పి వరుస కట్టాం.

తొక్కుతుండగా పోలీసు ట్రక్కు వచ్చింది. వెనకే బెర్రొకాల్ జీపు. పోలీసులు తుపాకులు పట్టుకుని లోపలికి వస్తూ దుంపలు కనబడగానే పక్కకి తప్పుకుని గట్ల మీద నడిచారు. వాళ్ళూ ఈ కొండల పిల్లలే, బూటుకాలితో చూన్యో తొక్కకూడదని వాళ్ళ అమ్మలూ కొట్టి నేర్పారు మరి. సార్జెంటు బూతులు తిట్టినా వాళ్ళ నడక మారలేదు.

"ఇంజినీరు సారూ!" ఫెర్మీనా అత్త తొక్కుతూనే కేకేసింది. "సరిగ్గా వేళకి వచ్చినావు. బూట్లు విప్పు. నీ వంతు పని చెయ్."

వరుస మొత్తం నవ్వింది. ఒక పోలీసు కూడా తల తిప్పుకుని నవ్వాడు.

సార్జెంటు మెల్కియాదెస్ బావని రెక్క పట్టి లాగాడు. వరుసలో ఖాళీ పడింది. తొక్కని దుంప నల్లబడుతుంది, అందరం ఆ ఖాళీ వైపే చూస్తున్నాం. అప్పుడు కోసిన కంచెలోంచి ఒకామె వచ్చింది. పక్కనున్న పుకారిల్యా ఊరామె. మా తాతల కాలం నుంచి వాళ్ళతో సరిహద్దు తగాదా. వాళ్ళ నీళ్ళు మళ్ళించామని మా మీద రాళ్ళు వేసినవాళ్ళు. చెప్పులు విప్పి బావ చోట నిలబడింది.

"ఏం చూస్తారు? మా బీడుకీ కంచె వేసినారు. రేపు మీరు మాకు రావాల" అంది.

ఆమె వెనక కొండవాలు మీద పుకారిల్యా వాళ్ళు వరుసగా దిగుతున్నారు. ఫెర్మీనా అత్తని ట్రక్కెక్కించారు, ఆమె చోటికి ఒకతను వచ్చాడు. నన్ను లాగారు, నా చోటికి ఒక చంటిపిల్ల తల్లి వచ్చింది. ట్రక్కు నిండిపోయింది. ఇంక ఎక్కించడానికి చోటు లేక సార్జెంటు బెర్రొకాల్ మొహం చూశాడు. బెర్రొకాల్ వరుస వైపు చూశాడు. అక్కడ తొక్కడం ఆగలేదు.

మమ్మల్ని కొన్నాళ్ళకి వదిలారు. మెల్కియాదెస్ బావని వదల్లేదు. ఇంకా జైల్లోనే ఉన్నాడు, చలికి కాదు, తేమకి దగ్గుతున్నాడు. కంచె మళ్ళీ వేశారు. ఆ ఏటి చూన్యో మాత్రం ఊరు చేరింది, చేదు విత్తనం ఈ ఏడు కూడా నేలలో పడింది.

వచ్చే జూన్‌లో పుకారిల్యా కంచె దగ్గరికి వెళ్ళాలి. ఈసారి బదులుపని మాది. నా మోకాళ్ళు అరిగిపోయాయి, ఎక్కగలనో లేదో తెలీదు. మీలో వచ్చేవాళ్ళుంటే చప్పట్లు ఆపి పేరు చెప్పండి. చెప్పులు విప్పాల్సి ఉంటుంది.