దిక్కు వెదుక్కున్న తలుపు

పొద్దున్నే చీపురు చేతికి తీసుకోగానే రాహేలమ్మ ముందు చూసేది పక్కింటి తలుపు ఈ పొద్దు ఏ గోడలో ఉందా అని. బ్యాంకోళ్లు సీలేసి పోయినప్పటి నుంచి ఆ తలుపు ఒక చోట నిలిచింది లేదు. తాళంతో, లక్కముద్రతో సహా ఒకనాడు కర్నూలు వైపు గోడలో ఉంటుంది, ఇంకోనాడు ఓర్వకల్లు వైపు. కోడుమూరులో ఆ వీధోళ్లకు అదేం వింత కాదు. ఈ పొద్దు పంచాయతీ ఆఫీసు దిక్కు తిరిగిందే అనుకుంటా పాలాయన సైకిలు తొక్కుకుని పోతాడు.

రాహేలమ్మ దిగులు తలుపు గురించి కాదు, ఆ ఇంటి మిద్దె గురించి. అది మట్టి కప్పు వేసిన మిద్దె. ఏటేటా వానలకు ముందు పైన చౌడు మన్ను పోసి తొక్కకపోతే నీళ్లు లోపలికి దిగుతాయి. సీలు పడినాక పోసే దిక్కు లేదు. రెండిళ్లకూ నడిమి గోడ ఒకటే, పోయిన వానలకే అది నాని ఉబ్బింది. కాన్పుకొచ్చిన కూతురు జీవిత పసిబిడ్డకు ఊయల కట్టింది ఆ గోడ పక్కనే. ఉండేది ఒకటే గది, ఇంకెక్కడ కడుతుంది పాపం? ఈసారి వాన గట్టిగా పడితే గోడ బిడ్డ మీదికే వస్తుంది. అది తలుచుకుంటే రాహేలమ్మకు ముద్ద దిగదు, ఒక చోట కూర్చోబుద్ధి కాదు.

మిద్దె మీద మన్ను పోయించమని కర్నూలుకు పోయి బ్యాంకు ఆఫీసరును అడిగింది. ఇల్లు మాకు తాకట్టు మాత్రమే, వేలంలో కొన్నోళ్లు బాగుచేయించుకుంటారు అన్నాడు. పంచాయతీలో అడిగితే, సొంతిళ్లకు మేం మన్ను తోలిస్తే ఊరంతా వరసలో నిలబడుతుందని నవ్వినారు. పైగా సీలేసిన ఇంటి మీద చెయ్యేస్తే కేసవుతుందని ఇద్దరూ బెదిరించినారు. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఎంత ఐకమత్యమో!

ఆ పక్కింటాయన హనుమేష్ బోరు కోసం అప్పు చేసి, నీళ్లు పడక, ఇల్లు పోగొట్టుకుని ఓర్వకల్లు దగ్గర ఫ్యాక్టరీ కట్టుబడిలో కూలికి చేరినాడు. రాహేలమ్మ అక్కడికీ పోయింది.

"తాళం వాళ్లది, మన్ను మాత్రం నాదా అక్కా?" అన్నాడు తలెత్తకుండా.

అదీ న్యాయమే అనిపించి ఆమె తిరుగు బస్సెక్కింది.

మరుసటి వారం మబ్బు కమ్మింది. కేసైతే కానీ అని రాహేలమ్మ చెంగు దోపుకుని, తన మిద్దె మీది నుంచి పక్క మిద్దె మీదికి దాటి, గంపలతో చౌడు మోసింది. ఈ వయసులో నీకేం పట్టిందిమా, దిగు అని జీవిత కింద నుంచి మొత్తుకుంటానే ఉంది. సగం పోసేసరికి వాన దంచింది.

తడిసి ముద్దయి కిందికొచ్చి చూస్తే, ఊయల పక్కన గోడ నిలువునా పగిలి ముందుకు ఒరుగుతా ఉంది. రాహేలమ్మ ఊయల దిక్కు ఉరికింది. అంతలో పగిలిన ఆ చోటికే తలుపు వచ్చి నిలబడింది. దాని టేకు ద్వారబంధం పై దూలాన్ని భుజానికెత్తుకున్నట్టు ఆపింది. గోడ ఆడికాడికే నిలిచిపోయింది. ఆమె బిడ్డను గుండెకు అదుముకుని, ప్రభువా ప్రభువా అంటా బోరున ఏడ్చింది.

కొన్నాళ్లకు బ్యాంకోళ్లు వేలానికి మనుషులను తోడుకొచ్చినారు. వీధి వైపు, వెనక వైపు ఎంత తిరిగినా తలుపు దొరకలేదు. చివరికి రాహేలమ్మ గదిలో, ఊయల పక్కన కనబడింది. ఇంకొకరి గది గుండా పోవాల్సిన ఇంటిని ఎవరు పాడుకుంటారు? వచ్చినోళ్లు వచ్చినట్టే వెళ్లిపోయినారు. మన్ను పోసింది ఎవరని ఆఫీసరు అడిగితే, నేనే, కేసు పెట్టుకోండి అనింది రాహేలమ్మ. ఆయన ఊయల దిక్కు చూసి, ఏమీ రాసుకోకుండానే పోయినాడు.

ఆ సంగతి చెవిన పడి హనుమేష్ సాయంత్రం బస్సుకు దిగినాడు. తన ఇంటి తలుపు చూడను రాహేలమ్మ ఇంటి గడప దాటి రావాల్సి వచ్చింది. నా తలుపు నీ ఇంట్లో ఎందుకుందని గొడవకు దిగుతాడేమోనని ఆమె బెదురుతానే ఉంది. అతను తలుపు మీద చెయ్యేసినాడు.

"నేను యాడికి పోతినా అని నా దిక్కు చూస్తా ఉన్నిందా అక్కా?"

లేదని చెబుదామనుకుంది. ఉన్నమాటే చెప్పింది.

"శానా దినాలు చూసిందప్పా."

హనుమేష్ ఆ తలుపుకే నుదురు ఆనించి ఏడ్చినాడు. జీవిత చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. తాగి, మొగం తుడుచుకుని, పైకి చూసినాడు.

"సగమే పోసినావంట గదా. గంప యాడుందక్కా?" అన్నాడు.