నీలం డ్రమ్ము కడుపులో దీపం

నేను ఒక ఇనుప డ్రమ్మును. ఒంటికి నీలం రంగు, నడుముకు రెండు ఉబ్బెత్తు పట్టీలు, నెత్తిన ఒక మూతి. ఇంతేనా అని మొహం తిప్పుకోకండి. నా కడుపులో ఉండే సరుకు సంగతి చెబితే కోతలు కోస్తున్నానంటారు. చూడ్డానికి నీళ్లు. తూచితే నీళ్లకు ఒకటిన్నర రెట్లు. అరచేతిలో పోసుకుంటే పిడికిలి బిగించేలోగా మాయం, చెయ్యి మాత్రం సున్నం పూసినట్టు తెల్లగా పొడిబారేది. అగ్గిపుల్ల గీసి అందులో వేస్తే అగ్గే చచ్చేది. వాసనంటారా, పెళ్లికి వచ్చిన దూరపు చుట్టం లాంటిది, ఉన్నట్టా లేనట్టా తెలియదు.

నన్ను నింపిన ఫ్యాక్టరీలో పెద్దమనుషులు దీనికి చాంతాడంత పేరు పెట్టారు. క్లోరినూ ఫ్లోరినూ కార్బనూ కలిపి అల్లిన పేరు. "మంటకు అంటుకోదు, ఇనుమును తినదు, ఇంత సాధువైన ద్రవం లోకంలోనే లేదు" అని మెచ్చుకుని లారీ ఎక్కించారు. సాధువుల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

నేను దిగింది హైదరాబాదు పొలిమేరలో ఒక వర్క్‌షాపులో. అక్కడ మీటర్లలోకి పోయే సన్నని ఇత్తడి సామాను కోసేవాళ్లు. కోసిన సామానుకు నూనె జిడ్డు పడుతుంది గదా, దాన్ని వదిలించడానికి ఒక తొట్టి. తొట్టి అడుగున నా ద్రవాన్ని కాచి, లేచిన ఆవిరిలోకి సామాను బుట్ట దించితే, జిడ్డంతా కారిపోయి పెళ్లికూతురి ముక్కుపుడకలా మెరుస్తూ పైకొచ్చేది. బుట్ట దించడం తేలికవుతుందని మనిషంత లోతు గుంత తవ్వి తొట్టిని అందులో కూర్చోబెట్టారు. గుంతలోకి ఇనుప మెట్లు. అడుగునుంచి గాలిని లాగి బయట పారేసే ఫ్యాను ఒకటి పగలంతా గుర్రుగుర్రుమనేది. నన్ను ఆ గుంత అంచునే నిలబెట్టారు.

ఆ ఫ్యాను ఎందుకో చెప్పకపోతే మీకు కథ అందదు. నా ఆవిరి పొగలాగా పైకి పోయే రకం కాదు. గాలికంటే బరువు. నీళ్లలాగే పల్లం వెతుక్కుంటుంది, గుంత కనబడితే అందులో పడుకుంటుంది. కంటికి కనబడదు. అది పడుకున్న చోట గాలికి జాగా ఉండదు. నా పొట్టమీద ఇదంతా ఇంగ్లీషులో అచ్చుకొట్టారు. గాలి ఆడనివ్వండి, ఒంటరిగా దిగకండి, నిప్పు తేకండి అని. ఏటా దసరాకు సరిగ్గా ఆ అక్షరాల మీదే నాకు పసుపు పూసి బొట్టు పెట్టేవాళ్లు. మర్యాదకు లోటు చేశారని నేననను.

తొట్టి పని బావాబామ్మర్దులది. బావ ఐలయ్య, నోటి దురుసు మనిషి. బామ్మర్ది బిక్షపతి, ఐలయ్య పెళ్లాం సాయవ్వకు తమ్ముడు. అక్కే పట్టుబట్టి తమ్ముడిని ఊరినుంచి పిలిపించి ఈ పనిలో పెట్టించింది. ఐలయ్య తొట్టి మీదికి వంగి లేచినప్పుడల్లా కళ్లు బైర్లు కమ్మి కాసేపు కంబం పట్టుకుని నవ్వుకునేవాడు.

"కల్లు ముట్టకుంటనే ఎక్కుతుంది బామ్మర్దీ. ఇసొంటి కొలువు ఎవనికి దొరుకుతదిరా?"

బీడీ అలవాటు కూడా ఉంది. నా ఆవిరికి నిప్పంటుకోదన్నది నిజమే గానీ, ఆవిరి నిప్పును తాకితే విషమవుతుంది. గుంత దగ్గర బీడీ పీలిస్తే ఆ పొగ గొంతు కోసేసేది.

"పారెయ్ బావా, కారం గొడుతుంది."

"మీ అక్క వండే కూర కన్ననా?"

ఇలా నవ్వుకుంటూనే ఏళ్లు నడిచాయి. నన్ను ఖాళీ చేస్తూ, మళ్లీ నింపుతూ వాళ్లు, ఆ గుర్రును వింటూ నేను.

ఒక దసరాకు ముందురోజు తొట్టి ఖాళీ చేసి కడుగుతుంటే రబ్బరు గొట్టం జారి, నా ద్రవం గుంత అడుగున బాగానే ఒలికింది. ఎలాగూ ఎగిరిపోతుందిలే అనుకుని తాళాలు వేసుకుని వెళ్లిపోయారు. రాత్రి ఫ్యాను ఆడదు. తెల్లారి మిషన్లకు మామిడాకులు, బంతిపూలు కట్టారు. గుమ్మడికాయ తెచ్చారు. ఓనరు కొత్త పంచె కట్టుకుని హారతి పళ్లెంతో నిలబడ్డాడు. ఫ్యాను అప్పుడే వేశారేమో, ఆ విసురుకు కర్పూరం నిలవలేదు.

"ముందు ఆ ఫ్యాను బంద్ జేయండయ్యా. దేవునికన్న ఎక్కువనా అది?"

ఓనరు మాటకు ఫ్యాను ఆగింది. నేను వచ్చినప్పటినుంచి ఆ షెడ్డులో పగటిపూట అంత నిశ్శబ్దం వినలేదు.

అన్ని మిషన్ల ముందూ దీపం పెట్టారు. తొట్టి పాదాల దగ్గర కూడా పెట్టాలి గదా. ఐలయ్య పై మెట్టు మీద కూర్చుని, చెయ్యి చాచి ప్రమిద దించాడు. ఆరింది. తీసి వెలిగించి మళ్లీ దించాడు. మళ్లీ ఆరింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ బావాబామ్మర్దులు పుట్టిన ఊళ్లో పాడుబడ్డ బావిలోకి దిగేముందు తాడుకు లాంతరు కట్టి లోపలికి దించుతారు. లాంతరు ఆరితే ఎవడూ దిగడు. ఒకసారి లాంతరు దించకుండా ఒకడు దిగి పడిపోతే, అతని కోసం తమ్ముడు దూకాడు, ఇద్దరి శవాలనూ కలిపే పైకి తీశారు. బిక్షపతి అది కళ్లారా చూసినవాడు. ఐలయ్యకూ తెలుసు. బావి దగ్గర ఆరిన దీపమైతే ఇద్దరూ ఆమడ దూరం పరుగెత్తేవాళ్లే. ఇక్కడ ఆరింది దేవుడి దీపం. దేవుడి దీపం ఆరితే అపశకునమనే తోస్తుంది గానీ లోపల గాలి లేదని ఎవరికి తోస్తుంది? అపశకునానికి వాళ్లకు తెలిసిన మందు ఒకటే, మళ్లీ వెలిగించడం.

"వత్తి మంచిగ లేనట్టుంది," అని ఐలయ్య అగ్గిపెట్టె పట్టుకుని లేచాడు. "తొట్టి కాడనే కూసోని ముట్టిస్త."

"జర ఆగు బావా."

"ఎందుకురా, ముహూర్తం జూస్తవా?"

నవ్వుతూ దిగాడు. కింద కూర్చుని పుల్ల గీశాడు. అది అంటుకోలేదు. ఇంకోటి గీశాడు. ఏదో అందామని పైకి చూసి, లేవబోయి, గోడకు ఒరిగిన గోనెసంచిలా మెల్లగా కిందికి జారాడు.

బిక్షపతి మెట్టు మీద కాలు వేశాడు. ఆ కాలు నాకు జానెడు దూరంలో ఉంది. అప్పుడే అతనికి బావి గుర్తొచ్చింది. అన్న మీద పడి ఉన్న తమ్ముడు గుర్తొచ్చాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

మీలో ఎవరైనా అలా తీసుకోగలరేమో ఆలోచించండి. దూకడం తేలిక.

"ఫ్యాను ఎయ్యిరి," అని కేకేసి తాడు కోసం ఉరికాడు. ఈలోగా లేతు మిషను మీద పనిచేసే ఖాజా గుంతలోకి దూకబోతే వచ్చి నడుము పట్టుకుని వెనక్కి పడేశాడు. ఖాజా గుద్దాడు, బూతులు తిట్టాడు. బిక్షపతి వదలలేదు. ఫ్యాను తిరిగింది. కొక్కెం కట్టిన తాడు ఐలయ్య నడుము బెల్టుకు తగులుకుంది. అందరూ కలిసి లాగారు. అప్పటికే ఆలస్యమైపోయింది. నా ఆవిరి గాలిని తరిమెయ్యడమే కాదు, గుండె లయను కూడా తప్పిస్తుంది. కొత్త చొక్కా మీద బంతిపూల రేకులు అంటుకుని ఉన్నాయి.

ఇక లోకం నోరు తెలుసుగా. బావ గుంతలో పడితే బామ్మర్ది గట్టున నిలబడ్డాడన్నారు. ఫ్యాను ఆపమన్న మాట ఎవరి నోట వచ్చిందో మాత్రం ఎవరికీ గుర్తులేదు. కర్మకాండ అయ్యాక సాయవ్వ షెడ్డుకొచ్చి గుంత చూసింది. ఏడవలేదు.

"ఎంత లోతురా ఇది?"

"మనిషంత, అక్కా."

"మనిషంత గుంతల మనిషిని ఇడిసిపెట్టినవారా? నా ఇంట్ల కాలు వెట్టకు."

బిక్షపతి షెడ్డు బయటికి నడిచాడు. అతని దగ్గర జవాబు లేక కాదు, అక్క ముందు అది సాకులాగే వినబడుతుందని. జవాబు నా దగ్గరా ఉంది. నాకు మూతి ఉంది గానీ నాలుక లేదు.

కొన్నేళ్లకు ఆ ద్రవానికే కాలం చెల్లింది. అది పైకి పోయి, ఎండలోని విషాన్ని ఆపే ఆకాశం గొడుగుకు చిల్లులు పెడుతోందని లోకమంతా కూడబలుక్కుని వద్దనుకుంది. కింద బరువుగా పడుకుని మనిషిని చంపిన సరుకు, పైన అంత ఎత్తుకు ఎలా ఎక్కిందంటారా? తొందర లేనివాడు ఎక్కడికైనా చేరతాడు. గుంత పూడ్చారు. నాలాంటి డ్రమ్ములను పాత ఇనుప సామాను కొట్టుకు తోలారు. కొట్టువాడు ఉలితో మా నెత్తులు కోసి, నీళ్ల డ్రమ్ములని పక్క బస్తీలో అమ్మాడు. గ్యాసు మంట పెట్టి కోయలేదు, వాడి ఆయుష్షు గట్టిది. నా అడుగున జిడ్డుతో కలిసి చెంబెడు ద్రవం ఇంకా ఉండనే ఉంది. కొట్టువాడికి అది మురికి.

నన్ను కొన్నది సాయవ్వ. నేనెవరో ఆమెకు తెలియదు.

డ్రమ్ముల సంగతి చెవిన పడగానే బిక్షపతి బస్తీలో ఇల్లిల్లూ తిరిగాడు. నీలం డ్రమ్ము ఉంటే వంగొద్దు, తాగే నీళ్లు పట్టొద్దు అని చెప్పుకుంటూ పోయాడు. అక్క ఇల్లు చివరికి పెట్టుకున్నాడు. ఎందుకో మీకు తెలుసు.

అతను వచ్చేసరికి సాయవ్వ బూడిద, కొబ్బరిపీచు పట్టుకుని నడుముదాకా నాలోకి వంగి అడుగు తోముతోంది. ఆమె ఊపిరి నాకు తగులుతోంది. ఎండకేమో కళ్లు తిరుగుతున్నాయని తనలో తాను గొణుక్కుంది. తర్వాత గొణుగుడు కూడా ఆగింది. చేతిలో పీచు జారింది.

బిక్షపతి ఆమె నడుము పట్టి ఒక్క గుంజు గుంజాడు. ఇద్దరూ వాకిట్లో పడ్డారు. చాలాసేపు దగ్గి, కళ్లు తెరిచి, అతన్ని గుర్తుపట్టింది.

"కాలు వెట్టకన్నగదరా."

"వెట్టిన. తిట్టుదువుగని. ఒక్క దీపం తే అక్కా."

"నీకెందుకియ్యాలె దీపం?"

అతనే లోపలికి పోయి కరెంటు పోయినప్పటి బుడ్డిదీపం తెచ్చి వెలిగించాడు. తీగె కట్టి, తన మొహం దూరంగా పెట్టుకుని, నా కడుపులోకి దించాడు. సగం దాకా పోయి ఆరింది.

"గాలికి ఆరింది," అంది సాయవ్వ.

"నా లోపట గాలేడిది?" అని నేననలేను గదా. ఆమె తీగె లాక్కుని తానే వెలిగించి తానే దించింది. అక్కడికే వచ్చి ఆరింది. ఆకు కదలడం లేదు. ఇంకోసారి వెలిగించింది. ఆ చివరిసారి దీపం ఆరిన చోటనే చూస్తూ ఉండిపోయింది.

"మీ బావ గూడ గిట్లనే మళ్ల మళ్ల ముట్టిచ్చిండా?"

"అవునక్కా."

"నువ్వు దిగుంటే..." అని ఆగింది. తానిప్పుడు పడబోయిన నా నోటిని చూసింది. తమ్ముడి చేతులను చూసింది.

"కాళ్లు గడుక్కో పో," అంది. "నీళ్లు కుండల ఉన్నయి. అన్నం వెడ్త."

బిక్షపతి తినొచ్చి నన్ను బస్తీ అవతల బయలులో బోర్లించాడు. ఎవరూ నీళ్లు పట్టకుండా ఉలితో ఒళ్లంతా తూట్లు పొడిచాడు. గాలి ఇటు దూరి అటు పోతోంది. ఇప్పుడు నాలో దీపం పెడితే గాలికే ఆరుతుంది, నా తప్పు కాదు. నాలోంచి లేచిపోయిన ఆవిర్లు మాత్రం ఇంకా పైనే తిరుగుతున్నాయట, ఆకాశాన్ని కొరుక్కుంటూ. వాటిని బోర్లించే బామ్మర్ది ఎక్కడున్నాడో మరి.