ఆకు నీళ్లు

బీడీలు చుట్టే తునికాకు ఆరబెట్టే కల్లంలో కట్టలు తిరగేస్తూ తిరగేస్తూ కమల ఉన్నట్టుండి ఏదేదో మాట్లాడసాగింది. ఎప్పుడో చచ్చిన మేకను పేరు పెట్టి పిలిచింది. పక్క వరుసలో ఉన్న తోటికోడలు పోసక్క "ఎవర్ని పిలుస్తున్నవే?" అని నవ్వబోయే లోపే కమల కుప్పకూలింది.

పోసక్క ఉరికి ఒళ్లు ముట్టుకుంది. పెనంలా కాలుతోంది. చుక్క చెమట లేదు. నలుగురూ పట్టి నీడకు చేర్చారు.

"ఎండ తాకింది. దుప్పటి తేండ్రి, చెమట పట్టియ్యాలె," అన్నాడు ఓదెలు. ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా ఈ పెద్దాయన మాటే వైద్యం. ఒకామె చెంబుతో కమల నోట్లో నీళ్లు పోయబోయింది. పోసక్క చెంబును తోసేసింది.

"తెలివి లేనిదానికి నోట్ల పోస్తే ఊపిరాడక సస్తది! మీద పొయ్యుండ్రి!"

"కాగిన ఒంటి మీద సన్నీళ్లా? పచ్చవాతం వస్తది బిడ్డా," అన్నాడు ఓదెలు.

పోసక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. పోయిన ఎండాకాలం ఆమె మొగుడికీ ఇదే మాట చెప్పి దుప్పటి కప్పారు. ఆస్పత్రికి శవమే చేరింది. వెంటనే తడిపితే బతికేవాడేమో అని డాక్టరు చెప్తే ఊరంతా తలకాయలూపింది. ఏడాది తిరక్కుండానే మరిచిపోయింది, సిగ్గులేని ఊరు!

"మా ఆయనను సంపింది సాలదా పెదనాయనా? ఇంకోసారి దుప్పటి పేరెత్తితే నీకే కప్పుత!"

ఎండిన ఆకును మెత్తబరిచి సంచుల్లో తొక్కేందుకు డ్రమ్ముల నిండా నీళ్లు పట్టి ఉన్నాయి. పోసక్క బిందె ముంచింది. కల్లం చూసుకునే మొగిలి అడ్డమొచ్చాడు.

"ఏయ్, అవి ఆకు నీళ్లు! కాంట్రాక్టరుకు ఏం చెప్పాలె?"

"ఆకు మల్ల సిగురిస్తది. ఇది సిగురిస్తదా? జరుగు! 108కు ఫోన్ కొట్టు!"

మెడ మీద, చంకల్లో, గుండెల మీద బిందెలకు బిందెలు కుమ్మరించింది. ఆడవాళ్లను తిట్టి తిట్టి కొంగులతో విసిరించింది. నీళ్లు పారి పారి ఆరుతున్న ఆకు వరుసల్లోకి చేరాయి. అంబులెన్సు మోత వినిపించేసరికి కమల కళ్లు తెరిచింది. పెదవులు కదిపింది.

"అక్కా... ఆకు తడ్సిందా?"

"సచ్చి బతికినంక గూడ ఆకేనా నీకు? తడ్సింది. మంచిగ తడ్సింది!" అని పళ్లు నూరుతూ పోసక్క ఇంకో బిందె ఎత్తి ఆమె మీద కుమ్మరించింది.