దీపం ఎంత ఎత్తులో ఉండాలి

చేపల తొట్టి తుడుద్దామని స్టూలు ఎక్కిన కోడలు, చేతిలో గుడ్డ చేతిలోనే ఉండగా ఆగిపోయింది. తొట్టి పైన, ముందు గోడనూ వెనుక గోడనూ కలిపి పట్టుకునే అడ్డపట్టీ ఒకటుంది. స్కేలు పెట్టి గీసినట్టుండే ఆ పట్టీ నడుము వంగి నీళ్ళకేసి జారి ఉంది.

ఆమె ఫోటో స్టూడియోలో లైట్లు బిగిస్తుంది. తొట్టి మీద వేలాడే రెండు హాలోజన్ దీపాలూ స్టూడియోలో వద్దని పక్కన పడేసినవే. ఈ తొట్టి చూడ్డానికి గాజులా ఉంటుంది గానీ గాజు కాదు, యాక్రిలిక్ అనే ప్లాస్టిక్. వేడి తగిలితే మెత్తబడుతుంది. అందుకే దీపాలను సరిగ్గా పట్టీ మీదికి రాకుండా, దానికి అటొకటి ఇటొకటి, మూరెడు ఎత్తులో గొలుసులకు తగిలించింది. తగిలించాక గంటసేపు వెలగనిచ్చి, పట్టీ మీద అరచెయ్యి ఆనించి ఇరవై లెక్కపెట్టింది. చెయ్యి ఓర్చుకుంటే పట్టీ ఓర్చుకుంటుందని ఆమె లెక్క.

ఇప్పుడు ఐదు దగ్గరే చెయ్యి లాగేసుకుంది. దీపాలు జానెడు ఎత్తుకు దిగిపోయాయి. తగిలించగా మిగిలిన గొలుసు కొక్కేల కింద పన్నెండేసి లింకులు వేలాడాలి. ఐదేసే ఉన్నాయి.

స్విచ్ ఆపి, "మామయ్యా, దీపాలు ఎవరు దించారు?" అంది.

మామగారు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. పేపరు మడిచి, "నేనేనమ్మా" అన్నాడు.

"ఎందుకు?"

"చేపలకు చలేస్తుందేమోనని."

"ఎన్ని లింకులు దించారు?"

ఆయన నీళ్ళు నమిలాడు. "ఒకటో, రెండో."

"ఏడు."

"ఏడా! మరీ ఏడా?" అని ఆయనే ఆశ్చర్యపోయాడు.

"పెద్దాయన్ని పోలీసులా అడుగుతావేంటే?" అంది సోఫాలోంచి అత్తగారు. "బల్బులు పాతబడ్డాయి, వెలుగు తగ్గింది. దించితే తప్పేముంది?"

పిల్లికి ఎలుక సాక్ష్యం అనుకుంది కోడలు. మామగారి భుజం పట్టేసి ఆరు నెలలైంది. చొక్కా తొడుక్కోవడానికే ఆయనకు ఇంకొకరి చెయ్యి కావాలి. ఆ భుజంతో గొలుసు దాకా ఎలా అందుకుంటాడు? అయినా ఆ మాట పైకి అనలేదు.

"పట్టీ విరిగితే ముందు గోడ నీళ్ళ బరువుకు ఉబ్బి అతుకు ఊడుతుంది. కొంప నిజంగానే మునుగుతుంది మామయ్యా" అని మాత్రం అంది.

బరువు తగ్గాలని ముందు నీళ్ళు తోడింది. నాలుగు బకెట్లు. మామగారు బాగున్న చేత్తో ఒక్కొక్కటే వంటింట్లోకి మోసుకెళ్ళి పారబోశాడు. తర్వాత దీపాలను పాత లింకుకు ఎత్తి, గొలుసు జారినా కిందపడకుండా ఒక్కోదానికి ఇంకో తీగ చుట్టింది. కొత్త పట్టీ అతికించమని తొట్టి చేసినాయనకు ఫోన్ చేసింది. స్విచ్ వేసింది.

"రండి అత్తయ్యా, ఎలా ఉందో చూడండి."

అత్తగారు వచ్చి తొట్టి ముందు వంగింది. "బ్రహ్మాండంగా ఉంది. అదిగో గుమాస్తా, రాయి పక్కన."

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతాడని ఒక చేపకు ఆవిడ పెట్టిన పేరది. గుమాస్తా రాయి పక్కన లేడు. ఆవిడ ముక్కుకు ఎదురుగా, బెత్తెడు దూరంలో నిలబడి నోరు తెరిచి మూస్తున్నాడు.

కోడలు ఆవిడ పక్కకొచ్చి తానూ వంగింది. "ఎప్పటి నుంచి అత్తయ్యా?" అంది.

"ఏంటి ఎప్పటి నుంచి?"

"కళ్ళు."

అత్తగారు పమిట కొంగుతో తొట్టి మీద లేని మరకను తుడిచింది. "నేను దించినప్పుడల్లా వారం పది రోజులు చేపలు బాగానే కనిపించేవే. బల్బుదే తప్పనుకున్నాను. అలా అనుకుంటేనే బాగుండేది." ఆవిడ టైలర్లకు చొక్కాల కాజాలు కుడుతుంది. ముప్పై ఏళ్ళుగా అదే పని. "చెబితే ముందు సూది లాక్కుంటారు. తర్వాత కత్తి ముట్టుకోవద్దంటారు. ఆ తర్వాత గడప దాటొద్దంటారు. మా అమ్మకు మేం చేసింది అదేగా."

"డాక్టరుకు చూపిద్దాం. ఆయన ఏమన్నా సరే, సూది మాత్రం ఎవరూ లాక్కోరు."

"ఇది నీ మాటా, నా కొడుకు మాటా?"

"నా మాటే. ఆయన మాట కూడా నేనే చెప్తానుగా."

అత్తగారి పెదవి కొద్దిగా వంగింది. "మీ మామయ్యకు మాత్రం చెప్పకు. కంగారుపడతాడు."

"ఆయనకు తెలీదంటారా?"

వంటింట్లో ఖాళీ బకెట్ చప్పుడైంది. "నేనేం వినలేదు" అన్నాడు మామగారు. "మీ అత్తయ్య ఎక్కినప్పుడల్లా స్టూలు పట్టుకున్నది నేనే గానీ, ఇప్పుడు మాత్రం ఏం వినలేదు."

"ఈ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు" అంది అత్తగారు.

కోడలు ఆవిడ చూపుడు వేలు పట్టుకుని చల్లటి యాక్రిలిక్ గోడ మీద పెట్టింది. "గుమాస్తా ఇక్కడున్నాడు." చేప కదిలింది. దానితోపాటే వేలునూ నెమ్మదిగా కదిపింది.

"ఇప్పుడెటు?"

"అటే. ఆగండి, తిరిగాడు."

ఇద్దరి వేళ్ళూ వెనక్కి తిరిగాయి. ఈ చివరి నుంచి ఆ చివరికి ఇంకోసారి వెళ్ళొచ్చాయి.

"రేపు ఎన్నింటికి వెళ్దాం?" అంది అత్తగారు, వేలు తియ్యకుండానే.