మైకులో చదివిన పేజీ

రజితకు వనపర్తిలో, వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసులో ఉద్యోగం దొరికిందే ఆమెకు చూపు తక్కువైనందుకు. పుట్టుకతోనే కళ్లు మసక. ఫోన్ ముక్కుకు ఆనించుకుంటే తప్ప అక్షరం అందదు. మానవపాడు వైపు మిర్చి రైతుల సంఘం ఒకటి, తమ వెబ్‌సైటు ముసలివాళ్లు కూడా చదవగలగాలని షరతు పెట్టింది. "మా ఆఫీసుల చూపు తక్కువున్న పిల్లనే పరీక్ష చేస్తది" అని చెప్పి, ఆఫీసు ఓనరు మహేందర్ ఆ పని పట్టుకొచ్చి, అందుకోసమే రజితను పెట్టుకున్నాడు.

రజిత ఆ మాట నిజమే అనుకుంది. ఏ మందు ఎన్ని నీళ్లలో కలపాలో చెప్పే పేజీని రకరకాల ఫాంట్లలో పెట్టి చూసింది. కొన్నింటిలో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియలేదు. కొన్నింటిలో వత్తులు కింది వరుస మీద పడి రెండు వరుసలూ చెడిపోయాయి. చివరికి బొద్దుగా, ఎడంగా, నల్లగా ఉన్న సాదా ఫాంటు తేల్చింది. అప్పటికి పేజీ మొత్తం ఆమెకు నోటికి వచ్చేసింది.

వెబ్‌సైటు ప్రారంభం రోజు సంఘం హాల్లో కూర్చుని అదే పేజీ ఫోన్‌లో తెరిచింది. ఎంత దగ్గరికి పెట్టుకున్నా బూడిదరంగు మెలికలే తప్ప అక్షరాల్లేవు.

"సార్, నేను పెట్టిన ఫాంటు తీసేసిన్రా?" అని పక్కనున్న మహేందర్‌ను అడిగింది.

"సంఘం ప్రెసిడెంట్ సాబ్‌కు మొద్దుగ కొట్టిందంట. పెళ్లిపత్రిక లెక్క కావాలన్నడు. నువ్వు పోయి మైకుల జర చదువు."

"నాకు కనబడ్తలేదు సార్."

"నోటికొచ్చు గదా! చదవకుంటె రేపటి సంది రాకు. గుడ్డిదానికి ఇంకెవడిస్తడు నౌకరి?" పక్కవాళ్లకు మంచిమాట చెబుతున్నట్టే కనిపించేలా నవ్వుతూ, గొంతు తగ్గించి అన్నాడు. ఆ వెంటనే మైకు అందుకున్నాడు. "ఈ పిల్లకు సగం చూపే. ఈమె చదివిందంటె ఇగ ఎవ్వరైన చదువుతరు!"

రజిత ఫోన్ ముక్కుకు ఆనించుకుని, ఒక్క మాట తప్పకుండా అప్పజెప్పింది. హాలంతా చప్పట్లు.

వేదిక దిగగానే ఒక ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. పేరు తిమ్మమ్మ. సొంతంగా మిర్చి పండిస్తుంది.

"బిడ్డా, నా ఫోన్ల గదే పేజీ ఉన్నది. ఒక్క అక్షరం దొరుకుతలేదు. కండ్లు పోయినయి, చేను కౌలుకియ్యమని నా కొడుకు ఒకటే పోరు. కనబడ్తయని కొట్లాడి వచ్చిన. నీ అంత చూపు గూడ లేదా నాకు?"

మహేందర్ రజిత వెనకే నిలబడ్డాడు. అతని సెంటు వాసన ఆమెకు తెలుస్తోంది. నిజం నాలుక దాకా వచ్చి ఆగిపోయింది.

"దవాఖానల చూపించుకో అవ్వా," అంది.

తిమ్మమ్మ ఫోన్ ఆపేసి కొంగున ముడేసుకుంది. తర్వాత కొడుకును పిలిచింది.

"బాలస్వామీ, ఇచ్చెయ్‌రా. కౌలుకే ఇచ్చెయ్."

వచ్చేటప్పుడు ఒంటరిగా ఎక్కిన హాలు మెట్లను, ఇప్పుడు కొడుకు చెయ్యి పట్టుకుని, కాలితో తడుముకుంటూ దిగింది.